ఘాట్ రోడ్డుకు ముందు బ్రేక్ ఆయిల్ సంగతి

పెద్ద ప్రయాణం అనగానే టైర్లలో గాలి చూస్తాం, చైన్‌కి లూబ్ కొడతాం, ఇంజిన్ ఆయిల్ మారుస్తాం. బండి హ్యాండిల్ మీదున్న చిన్న బ్రేక్ ఆయిల్ డబ్బా వంక మాత్రం ఒకసారి చూసి, మట్టం గీత పైనే ఉంది కదా అని వదిలేస్తాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఎంత ఉందో డబ్బాకున్న చిన్న గాజు కిటికీలో కనిపిస్తుంది గానీ, అది ఎంత పాతదో కనిపించదు.

అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, బ్రేక్ ఫ్లూయిడ్. సీసా మీద రాసుండే ప్రమాణాల్లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. గాలిలోని తేమను పీల్చుకోవడం వాటి గుణం. మూత ఎంత గట్టిగా బిగించినా రబ్బరు గొట్టాల గుండా కొద్దికొద్దిగా చెమ్మ చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి అవే లెక్కలు 205, 140.

ఈ తేడా రోజూ తిరిగే రోడ్ల మీద తెలియదు, లీవర్ గట్టిగానే తగులుతుంది. ఘాట్ దిగుతూ వంపు వంపుకీ బ్రేకు పడుతుంటే డిస్క్‌ని పట్టి ఆపే ప్యాడ్ల వేడి, వాటిని నెట్టే పిస్టన్ గుండా ఫ్లూయిడ్‌ని చేరుతుంది. అది మరిగిందంటే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. మీ వేళ్ల బలమంతా బుడగల్ని అణచడానికే సరిపోతుంది, లీవర్ వచ్చి గ్రిప్‌కి ఆనుకుంటుంది. అరగంట ఆగితే మళ్లీ అంతా మామూలే. అప్పుడు మెకానిక్‌కి చూపిస్తే బ్రేకులు బాగానే ఉన్నాయి కదా అంటాడు!

అందుకే చాలా కంపెనీలు బండి ఎంత తిరిగిందన్నది పక్కనపెట్టి 2 ఏళ్లకోసారి మార్చమంటాయి. మార్చాల్సి ఉంటే ప్రయాణానికి వారం ముందే ఆ పని పెట్టుకోండి. రేపు పొద్దున బయల్దేరాలి, రాత్రి టార్చి వెలుగులో కానిచ్చేద్దాం అనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఏ ఫ్లూయిడ్ పోయాలో డబ్బా మూత మీదే ఉంటుంది. డాట్ 5.1కి బదులు పొరపాటున డాట్ 5 కొనకండి. అంకె దగ్గరగా ఉన్నా అది సిలికాన్, మిగతా వాటితో కలవదు. కొన్ని బళ్ల హైడ్రాలిక్ క్లచ్‌లో (కేబుల్‌కి బదులు ద్రవంతో పనిచేసేది) మినరల్ ఆయిల్ వాడతారు. అందులో బ్రేక్ ఫ్లూయిడ్ పోసినా, బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోసినా లీకు కాకుండా ఆపే రబ్బరు సీళ్లు పాడవుతాయి. బ్రేకు భాగాలు పెట్రోలుతో కడగొద్దనేది కూడా ఇందుకే.

మట్టం విషయంలో బ్రేకుది ఒక దారి, క్లచ్‌ది ఇంకో దారి. ప్యాడ్లు అరిగేకొద్దీ బ్రేక్ డబ్బాలో మట్టం దిగుతుంది. తగ్గిందని నిండా పోసేస్తే, కొత్త ప్యాడ్లు వేసిన రోజు పిస్టన్లు వెనక్కి వెళ్లి ఆ ఎక్కువంతా పైకి పొంగుతుంది. కాబట్టి ముందు ప్యాడ్లు చూడండి. ప్యాడ్లు బాగుండి కూడా మట్టం తగ్గితే లీకు వెతకాలి. హైడ్రాలిక్ క్లచ్‌లో చాలా బళ్లకు ప్లేట్లు అరిగేకొద్దీ మట్టం పైకి వస్తుంది. ఇంజిన్ వేడి పక్కనే ఉండటం వల్ల ఆ ఫ్లూయిడ్ త్వరగా నల్లబడుతుంది కూడా. న్యూట్రల్ దొరక్క సతాయించడం, క్లచ్ పూర్తిగా పట్టినా గేర్లో బండి ముందుకు లాగడం కనిపిస్తే ఫ్లూయిడ్‌లో గాలి చేరిందేమో చూడండి.

ఇక మార్చే పని. బండిని నిటారుగా నిలబెట్టి, డబ్బా మట్టంగా ఉండేలా హ్యాండిల్ తిప్పి, ట్యాంకు మీద మందపాటి గుడ్డ కప్పండి. చుక్క పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్లతో కడగాలి. పక్కన బకెట్టు నీళ్లు ఉంచుకోండి. మూత స్క్రూలు మెత్తనివి. సరైన సైజు లేని స్క్రూడ్రైవర్‌తో తొందరపడి తిప్పి ఒకదాని తల గుండ్రంగా అరగదీశాను, ఆ రోజంతా దాన్ని ఊడదీయడానికే సరిపోయింది. ముందు గట్టిగా లోపలికి నొక్కి పట్టుకుని, తర్వాత తిప్పాలి.

బ్లీడర్‌కి, అంటే చక్రం దగ్గర బ్రేకుకి ఉండే పాత ఫ్లూయిడ్ వదిలే చిన్న స్క్రూకి, రింగ్ స్పానర్ తగిలించి, పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొన పాత సీసాలో ఫ్లూయిడ్‌లో మునిగేలా పెట్టండి. లీవర్ పట్టి ఉంచి బ్లీడర్ విప్పాలి, బిగించాక మాత్రమే లీవర్ వదలాలి. ఈ వరస తప్పితే గాలి లోపలికి వెళ్తుంది. మొదట గొట్టంలో టీ డికాక్షన్ రంగు వస్తుంది, ఆ వెనక కొత్త సీసా రంగు తొంగిచూస్తుంది. ఆవగింజంత బుడగలు కూడా ఆగేదాకా కొనసాగించండి. ఈలోగా పైన డబ్బాలో కొత్తది పోస్తూ ఉండండి, అది ఖాళీ అయిందా, గాలి చేరి పని మొదటికొస్తుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో ఇంకా కష్టం: లోపలి యూనిట్లో గాలి చిక్కుకుంటే దాన్ని తీయడానికి వర్క్‌షాప్ పరికరం కావాల్సి రావచ్చు. చేయి తిరగకపోతే ఆ బండిని వాళ్లకే ఇవ్వండి, అందులో నామోషీ ఏమీ లేదు. బ్లీడర్ లోపల బోలుగా ఉంటుంది, బలమంతా పెట్టి బిగిస్తే విరుగుతుంది.

అయ్యాక బండి కదిలించకముందే లీవర్ గట్టిపడే దాకా పదిసార్లు నొక్కండి. ఒక నిమిషం గట్టిగా పట్టి ఉంచి, మెల్లగా కిందికి జారుతోందేమో చూడండి. ప్యాడ్ల మీద ఫ్లూయిడ్ పడి ఇంకితే తుడిచి సరిపెట్టుకోవద్దు, మార్చేయండి.

ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజిన్‌నే బండిని ఆపనివ్వండి. అదేపనిగా బ్రేకు పట్టి ఉంచకుండా, పట్టి వదులుతూ దిగండి. లీవర్ మెత్తగా తగలడం మొదలైతే గబగబా పంప్ చేస్తూ, గేర్లు దించుతూ, వెనక బ్రేకు కూడా వాడి పక్కకు తీసి ఆపండి. చల్లారాక బాగానే అనిపించినా, కింది దాకా నెమ్మదిగానే వెళ్లి, ముందు ఆ ఫ్లూయిడ్ మార్పించండి.

మిగిలిన సీసా వచ్చే ఏడాదికి దాచొద్దు, మూత తెరిచిన ఫ్లూయిడ్ అల్మారాలోనూ తేమ పీలుస్తుంది. పాతది కాలవలో పారబోయకుండా, వాడేసిన ఆయిల్ తీసుకునే చోట విడిగా ఇవ్వండి. మార్చిన నెల, సంవత్సరం చిన్న స్టిక్కర్ మీద రాసి సీటు కింద అంటిస్తాను. బండి ఎవరు నడిపినా, ఏ మెకానిక్ విప్పినా కనిపిస్తుంది.