ఫ్రటర్నిటీ గడప తొక్కే ముందు ఎవరున్నారో చూడండి

కన్సల్టెన్సీ వాళ్ళు ఐ-20, వీసా స్లాట్, బ్యాంక్ బ్యాలెన్స్ అన్నీ చెప్తారు గానీ అమెరికా కాలేజీల్లో ఉండే ఫ్రటర్నిటీలు (అబ్బాయిల సంఘాలు), సొరోరిటీల (అమ్మాయిల సంఘాలు) గురించి ఒక్క ముక్క చెప్పరు. ఎంఎస్‌కి వెళ్ళేవాళ్ళకి దీంతో పెద్దగా పని లేదు, ఇది చాలావరకు బీఎస్ పిల్లల వ్యవహారం. బెజవాడ, గుంటూరుల నుంచి ఇంటర్ అవ్వగానే ఫ్లైటెక్కేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

ముందు కాస్త చరిత్ర తెలియాలి, లేకపోతే అక్కడ కనిపించేది అర్థం కాదు. పాత ఫ్రటర్నిటీలు చాలావాటిలో తెల్లవాళ్ళకే చోటని నియమాల్లోనే ఉండేది. ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఫై కప్పా సై శాఖ 1948లో ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకుంటే జాతీయ సంఘం ఆ శాఖనే వెళ్ళగొట్టింది. ఈ అడ్డు వల్లే నల్లజాతి విద్యార్థులు అంతకు చాలా ముందే సొంతంగా పెట్టుకున్నారు, 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా, 1908లో హోవార్డ్‌లో ఆల్ఫా కప్పా ఆల్ఫా (కమలా హారిస్ చేరింది ఇందులోనే). రాతలో నియమాలు పోయినా అలవాటు పోలేదు: అలబామా యూనివర్సిటీలో మంచి మార్కులున్న నల్లజాతి అమ్మాయిని తీసుకోనివ్వకుండా పూర్వ విద్యార్థినులు అడ్డుపడ్డారని లోపలి సభ్యులే బయటపెట్టింది 2013లో!

కాబట్టి 'అందరికీ స్వాగతం' అన్న మాట పట్టుకుని వెళ్ళకండి. వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగేళ్ళ గ్రూప్ ఫొటోలు వరసగా చూడండి. ప్రతి ఫొటోలో అదే ఒక్క గోధుమరంగు మొహం ముందు వరసలో ఉంటే అది పోస్టర్ కోసమని అనుమానించండి. రష్ రోజుల్లో (అంటే కొత్తవాళ్ళని చేర్చుకునే రోజులు) కబుర్ల మధ్యలో, సభ్యులు కలిసి ఉండే హౌస్‌లో ఉంటున్నదెవరు, ప్రెసిడెంట్‌గా, ట్రెజరర్‌గా ఎవరెవరు చేశారు, పోయినేడు చేరి మధ్యలో మానేసినవాళ్ళెవరు అని అడగండి. ఈ చివరి ప్రశ్నకి నసిగితే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే. ఫీజు కూడా అప్పుడే అడిగేయండి, సిగ్గుపడొద్దు.

దక్షిణాసియా వాళ్ళ ఫ్రటర్నిటీలూ ఉన్నాయి, 1998లో టెక్సస్‌లో మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై లాంటివి. పండగలకి తోడుంటుంది, బాగానే ఉంటుంది. కానీ మన జబ్బు ఒకటుంది. నేను గుంటూరులో చదివినప్పుడు హాస్టల్లో మొదటి రాత్రే ఇంటిపేరు అడిగారు, దాంతో తేలకపోతే 'మీరేమిట్లు' అన్నారు, వారం తిరిగేసరికి మెస్‌లో ఎవరి బల్ల వాళ్ళదైపోయింది. నేనూ బుద్ధిగా వెళ్ళి 'మనవాళ్ళ' బల్ల దగ్గరే కూర్చున్నా. అక్కడ తెల్లవాళ్ళు రంగు చూస్తున్నారని బాధపడుతూ తెలుగు రూమ్మేట్‌ని ఇంటిపేరు అడిగే మనిషి ఎక్కడికెళ్ళినా అదే బల్ల వెతుక్కుంటాడు.

హేజింగ్ అంటే మన ర్యాగింగే. మనకి 1997 నుంచి చట్టం ఉన్నట్టే అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉంది, పైగా మీరు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నారు, కేసులో పేరొస్తే వీసాకే టెన్షన్. తాగమని బలవంతపెట్టిన రోజే బయటికొచ్చేయండి.

అమ్మాయిలకి ఇంకోటి. పెద్ద సొరోరిటీలు ఒక కూటమిగా ఉంటాయి, వాటి రిక్రూట్‌మెంట్ ఆఖర్లో ఇష్టాల కాగితం మీద సంతకం పెట్టిస్తారు. అందులో మీరు రాసిన సొరోరిటీ నుంచి బిడ్ (చేరమని పిలుపు) వచ్చాక వద్దంటే, ఆ క్యాంపస్‌లో అదే కూటమికి చెందిన వేరేదాన్లో చేరడానికి మరుసటి ఏడాది దాకా ఆగాల్సిందే. నచ్చని పేరు ఆ కాగితంలో రాయకండి.