సొలిసిటర్ బిల్లు ఎస్టిమేట్ దాటితే ఏం చేయాలి (ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లకి)

విడాకుల కేసుకి సుమారు 6,000 పౌండ్లు అవుతుందన్న సొలిసిటర్ చివర్లో 11,400కి బిల్లు పంపాడనుకుందాం. కోపంతో ఫోన్ చేసేముందు ఆ బిల్లు చేతికొచ్చిన తేదీ ఎక్కడైనా రాసి పెట్టుకోండి, ఎందుకో కింద చెప్తాను.

మొదట్లో ఫీజు, షరతులు రాసి ఇచ్చిన క్లయింట్ కేర్ లెటర్ బయటికి తీయండి (చదవకుండానే సంతకం పెట్టేసి ఉంటారు, పర్లేదు). ఫిక్స్‌డ్ ఫీ అని ఉంటే, షరతుల్లో వేరే ఏమైనా రాసుకుంటే తప్ప అంతకు మించి అడగడానికి లేదు. ఎస్టిమేట్ అని ఉంటే మాత్రం దాటొచ్చు. కాకపోతే సొలిసిటర్లను అదుపులో పెట్టే ఎస్‌ఆర్‌ఏ రూల్స్ ప్రకారం, మొత్తం ఎంతవుతుందో కేసు నడుస్తుండగా కూడా అవసరమైనప్పుడల్లా చెప్పాలి. 2007లో మాస్టర్‌సిగార్స్ కేసులో హైకోర్టు చూసిందీ ఇలాంటిదే: క్లయింట్ ఆ అంకెని నమ్మి నడుచుకున్నాడా, అలాంటప్పుడు అతను ఎంత కట్టాలనడం సబబు అని.

అందుకే "బిల్లు మరీ ఎక్కువండీ" అని రాస్తే పని జరగదు. ఫర్మ్‌కి ఫిర్యాదుగా ఇలా రాయండి: "మార్చిలో 6,000 అన్నారు. ఆ తర్వాత అంకె మారిందని ఒక్క మెయిల్ కూడా రాలేదు. సెప్టెంబరుకే 9,000 దాటిందని తెలిసుంటే ఇంటి వాటా విషయంలో అప్పుడే రాజీకి వచ్చేవాడిని." ఆ చివరి వాక్యమే మీకు బలం, అది నిజమైతేనే రాయండి. ఏ పనికి ఎంతసేపు పట్టిందో వాళ్లు రాసుకున్న టైమ్ రికార్డు కూడా అడగండి. మామూలుగా 6 నిమిషాల యూనిట్ల లెక్కన వేస్తారు కాబట్టి రెండు నిమిషాల ఫోన్‌కీ ఒక యూనిట్ పడుతుంది, ఒకే మీటింగ్‌కి ఇద్దరు కూర్చుని ఇద్దరి టైమూ వేశారేమో చూడండి. 20 శాతం వ్యాట్, బారిస్టర్ (కోర్టులో వాదించే లాయరు) ఫీజు ఎస్టిమేట్‌లో కలిపి చెప్పారా లేదా అన్నది కూడా. లాయరు గారిని డబ్బు గురించి నిలదీయాలంటే మనవాళ్లకి మొహమాటం, కానీ ఫిర్యాదు చూడ్డానికి వాళ్లు పైసా తీసుకోకూడదు.

ఇప్పుడు తేదీ సంగతి. ఫిర్యాదు తేల్చడానికి ఫర్మ్‌కి 8 వారాలు టైమ్ ఉంటుంది, తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా లాయర్ల మీద ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఖర్చు లేదు, ఫర్మ్ ఆఖరి జవాబు వచ్చిన 6 నెలల్లోపు వెళ్లాలి. కానీ 1974 సొలిసిటర్స్ యాక్ట్ కింద కోర్టు బిల్లుని పరిశీలించి తీరాలని హక్కుగా అడగడానికి మీకున్నది బిల్లు చేతికొచ్చిన తేదీ నుంచి ఒక్క నెలే. మర్యాదగా 8 వారాలు ఆగితే అది కాస్తా దాటిపోతుంది. ఆ తర్వాత కోర్టు దయ. డబ్బు కట్టేసినా, బిల్లొచ్చి 12 నెలలు దాటినా ప్రత్యేక కారణం చూపించాలి, కట్టి 12 నెలలు దాటితే ఇక ఆ దారే లేదు. కాబట్టి టెన్షన్‌లో మొత్తం కట్టేయకండి, నెల తిరిగేలోపు కోర్టు సంగతి తేల్చుకోండి.

కోర్టుకి వెళ్తే బిల్లు ఐదో వంతైనా తగ్గాలి, లేదంటే ఆ పరిశీలన ఖర్చు మామూలుగా మీ మీదే పడుతుంది. 11,400లో ఐదో వంతు 2,280. అంటే 9,120కి దిగితే ఖర్చు వాళ్లది, 9,200 దగ్గర ఆగితే మీది. అంత తగ్గుతుందని నమ్మకం లేకపోతే నా ఓటు ఆంబుడ్స్‌మన్‌కే.

కేసు ఇంకా నడుస్తుంటే మాత్రం ఒకటి చూసుకోండి: బిల్లు కట్టేదాకా మీ ఫైల్ ఇవ్వకుండా పట్టుకునే హక్కు సొలిసిటర్‌కి ఉంటుంది, కాబట్టి వేరే లాయరు దగ్గరికి మారే ముందే ఫైల్ ఎలా ఇస్తారో రాతపూర్వకంగా మాట్లాడుకోండి.