వెంటిలేటర్ సెట్ చేసే ముందు కొలత టేపు చేతిలోకి తీసుకోండి

ఐసీయూలో ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు పట్టి, రక్తానికి ఆక్సిజన్ సరిగా అందని తీవ్ర స్థితి) కేసు చూసే నర్సులకి, జూనియర్ డాక్టర్లకి ఇది. టైడల్ వాల్యూమ్, అంటే వెంటిలేటర్ ఒక్కో శ్వాసకి పంపే గాలి, లెక్కకి కావలసింది రోగి ఎత్తు, బరువు కాదు. మనిషి ఎంత లావెక్కినా ఊపిరితిత్తులు పెద్దవి కావు. పైగా ఏఆర్‌డీఎస్‌లో వాటిలో చాలా భాగం నీరు పట్టి మూసుకుపోతుంది. మనం పంపే గాలంతా మిగిలిన కాస్త చోటులోకే దూరి, దాన్ని సాగదీసి దెబ్బతీస్తుంది.

అమెరికాలో ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ 861 మందిపై చేసిన ట్రయల్ ఫలితాలు 2000లో వచ్చాయి. కిలోకి 12 మి.లీ. ఇచ్చిన గుంపులో 39.8 శాతం మంది చనిపోతే, 6 మి.లీ. గుంపులో 31 శాతమే. కొత్త మందేమీ లేదు, గాలి తగ్గించారంతే. ఆ కిలోలు మాత్రం తూకం కిలోలు కావు, ఎత్తును బట్టి లెక్కగట్టినవి.

మంచం తల వైపు దించి, రోగిని వెల్లకిలా, కాళ్లు చాపి పడుకోబెట్టండి. నడినెత్తి నుంచి మడమ దాకా టేపుతో కొలవండి. ట్యూబ్ లాగబడకుండా ఒకరు పట్టుకోవాలి. కొలత అవగానే తల వైపు మళ్లీ ఎత్తండి. బంధువులు చెప్పే "అయిదున్నర అడుగులు ఉంటాడండీ" మీద ఆధారపడకండి.

ఎత్తు సెంటీమీటర్లలోంచి 152.4 తీసేసి, మిగిలినదాన్ని 0.91తో గుణించండి. మగవారికి దానికి 50, ఆడవారికి 45.5 కలపండి. 150 సెం.మీ. ఉన్న ఆమెకి 43.3 కిలోలు వస్తుంది, అంటే కిలోకి 6 చొప్పున టైడల్ వాల్యూమ్ 260 మి.లీ. ఆమె తూకం 70 కిలోలనుకోండి, దాని ప్రకారం 420 పెట్టేస్తాం. నిజానికి అది కిలోకి 9.7 మి.లీ. ఎక్కువగా నష్టపోయేది ఇలా పొట్టిగా ఉన్న ఆడవాళ్లే.

కిలోకి 8 మి.లీ. దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మి.లీ. చొప్పున 6కి దించండి, ఒక్కో మెట్టుకి మధ్య రెండు గంటలు మించకూడదు. గాలి తగ్గినంత మేర శ్వాసల రేటు పెంచండి, నిమిషానికి 35 దాకా. రేటు పెంచాక ఫ్లో గ్రాఫ్ చూడండి. బయటికొచ్చే గాలి గీత సున్నాకి చేరకముందే తర్వాతి శ్వాస మొదలవుతుంటే లోపల గాలి పేరుకుపోతోంది, బీపీ పడిపోవచ్చు.

ఇప్పుడు ప్లాటో ప్రెషర్, అంటే గాలి లోపలికెళ్లి కదలకుండా ఆగినప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండే ప్రెషర్. ఇన్‌స్పిరేటరీ హోల్డ్ (గాలి లోపలికెళ్లాక శ్వాసని ఆపి ఉంచే బటన్) అర సెకను నొక్కండి. ప్రెషర్ గీత బల్లపరుపుగా నిలిస్తేనే ఆ అంకె నమ్మాలి. అలలాగా కదిలితే రోగి సొంతంగా ఊపిరి లాగుతున్నాడు, ఆ రీడింగ్ పనికిరాదు. 30 సెం.మీ. నీటి పీడనం దాటకూడదు. దాటితే కిలోకి 5, అదీ చాలకపోతే 4. నాలుగు గంటలకోసారి, పీప్ (ఊపిరి వదిలాక కూడా లోపల మిగిల్చే ప్రెషర్) గానీ వాల్యూమ్ గానీ మార్చిన ప్రతిసారీ మళ్లీ చూడాలి.

పీక్ ప్రెషర్ (గాలి లోపలికి వెళ్తుండగా చేరే గరిష్ఠ ప్రెషర్) 42, ప్లాటో 24 ఉంటే ఊపిరితిత్తుల్ని అనుమానించకండి. ట్యూబ్‌లో కఫం, మడత, పళ్లతో కొరకడం, శ్వాసనాళాలు బిగుసుకోవడం చూడండి. రెండూ ఒక్కసారిగా పెరిగితే న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) కావచ్చు, ట్యూబ్ కుడి బ్రాంకస్‌లోకి (కుడి ఊపిరితిత్తికి వెళ్లే గొట్టంలోకి) జారి ఉండవచ్చు. వెంటనే డాక్టర్ని పిలవండి.

కార్బన్ డయాక్సైడ్ పెరగడం చూసి కంగారుపడి వాల్యూమ్ పెంచేయడమే తరచూ జరిగే తప్పు. లక్ష్యం రక్తం పీహెచ్ 7.30 నుంచి 7.45 (కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇది తగ్గుతుంది). కాస్త తగ్గినా ముందు రేటు పెంచండి. ట్యూబ్‌కి తగిలించిన హెచ్‌ఎంఈ ఫిల్టర్ (శ్వాసలోని వేడి, తేమ నిలిపే ముక్క) తీసి హీటెడ్ హ్యుమిడిఫయర్ పెట్టినా కార్బన్ డయాక్సైడ్ దిగుతుంది, ఎందుకంటే 260 మి.లీ. శ్వాసలో ఆ ఫిల్టర్ వృథా చేసే గాలి చిన్న వాటా కాదు. పీహెచ్ 7.15 కన్నా దిగితేనే వాల్యూమ్ పెంచే ఆలోచన. తలలో ప్రెషర్ పెరిగిన రోగులకి మాత్రం కార్బన్ డయాక్సైడ్‌ని ఇలా పెరగనిచ్చే సడలింపు పనికిరాదు.

ఎత్తు, లెక్కగట్టిన బరువు, 6 మి.లీ. అంకె, ఈ మూడూ ప్లాస్టర్ మీద రాసి వెంటిలేటర్‌కి అంటించండి. లేకపోతే నైట్ డ్యూటీకి వచ్చినవాళ్లు మళ్లీ 420 పెట్టేస్తారు.