మందు ఇచ్చే చేయి – 4వ పాఠం: రోగి ‘వద్దు’ అన్నప్పుడు

గత పాఠంలో ఐదు విషయాలు సరిచూసుకోవడం నేర్చుకున్నాం: రోగి, మందు, డోసు, ఇచ్చే మార్గం, సమయం. ఐదూ సరిగ్గానే ఉన్నాయి. ట్రే పట్టుకుని మంచం దగ్గరకు వెళ్లారు. రోగి మాత్ర చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం చూసి, "నాకొద్దు సిస్టర్" అన్నారు. ఇప్పుడేం చేయాలి?

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో "డాక్టర్ గారు రాశారమ్మా, వేసేసుకోండి" అనేదాన్ని. ఒక పెద్దావిడ నా మాట కాదనలేక మాత్ర నోట్లో వేసుకునేవారు. ఓ మధ్యాహ్నం పక్క మారుస్తుంటే దిండు కింద మూడు మాత్రలు కనిపించాయి. అంచులు కరిగి, గలీబుకు అంటుకుపోయి ఉన్నాయి. బీపీకి ఇచ్చే ఎనలాప్రిల్ అది. మూడు రోజులూ ‘ఇచ్చాను’ అని చార్టులో సంతకం పెట్టింది నేనే. మందు పనిచేయడం లేదనుకుని డాక్టర్ డోసు పెంచబోతున్నారు కూడా. తర్వాత పక్కన కూర్చుని అడిగితే, "అది వేసుకుంటే రాత్రంతా పొడి దగ్గమ్మా" అన్నారావిడ. ఆ రకం మందులకు అది అందరికీ తెలిసిన దుష్ప్రభావమే. మందు మార్చారు, ఆవిడ సంతోషంగా వేసుకున్నారు. నేను మొదటిరోజే "ఎందుకు వద్దు?" అని అడిగి ఉంటే సరిపోయేది.

కాబట్టి మొదటి పని కారణం అడగడం. తప్పు పట్టినట్టు కాకుండా, తెలుసుకోవాలని అడగాలి.

కారణం ఒక్కోసారి నమ్మకం కావచ్చు. చాలా క్యాప్సూళ్ల పైతొడుగు జెలటిన్‌తో చేస్తారు. అది ఆవు లేదా పంది చర్మం, ఎముకల నుంచి వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. శాకాహారికో, ముస్లిం రోగికో ఇది చిన్న విషయం కాదు. అలాగని పేరు చూసి మీరే ఊహించేసుకోవద్దు. ఒకే మతంలో ఇద్దరు రెండు రకాలుగా ఆలోచిస్తారు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారు రక్తం ఎక్కించుకోరు, కానీ రక్తం నుంచి తీసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ లాంటివి తీసుకోవాలా వద్దా అన్నది వాళ్లలో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు. అందుకే ఆ మనిషినే అడగండి. వేరే రూపంలో మందు ఉందేమో ఫార్మసిస్టును కనుక్కోండి. క్యాప్సూల్ విప్పి పొడి ఇచ్చేద్దామని మాత్రం సొంతంగా అనుకోవద్దు. నెమ్మదిగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్లిపోవచ్చు. ఉపవాసంలో ఉన్నవారికి వేళలు మార్చాలన్నా డాక్టర్‌తో మాట్లాడాకే.

భాష తెలియని రోగి అయితే ‘వద్దు’ అన్నది నిజంగా వద్దనేనా అని కూడా చూడాలి. మందు చీటీ మీద ఇంగ్లీషులో ‘ఒకసారి’ అనే అర్థంలో రాసే ‘వన్స్’ (once) మాటకు, అవే అక్షరాలతో స్పానిష్‌లో పదకొండు అని అర్థం. ఆ చీటీ రోగి చేతిలో పెడితే ఏమవుతుందో ఊహించండి. వీలైనంతవరకు చుట్టాలతో కాకుండా శిక్షణ ఉన్న దుబాసీతో చెప్పించండి.

అన్నీ అర్థమయ్యాక కూడా, ఆలోచించి నిర్ణయించుకోగల పెద్దవాళ్లు వద్దంటే అది వాళ్ల హక్కు. బలవంతంగా ఇస్తే చాలా దేశాల్లో చట్టం దాన్ని దాడిగా చూస్తుంది. మనతో ఒప్పుకోలేదు కాబట్టి ఆలోచించే శక్తి లేదనుకోవడం పొరపాటు. అత్యవసర స్థితికి, మానసిక ఆరోగ్య చట్టం కింద చికిత్సకు వేరే నియమాలుంటాయి. మీరు పనిచేసే చోటి నియమాలు చదివి పెట్టుకోండి.

ఇక రాయడం. ‘రోగి సహకరించలేదు’ అని రాయకండి. అది మన తీర్పు. ఇలా రాయండి:

"ఉ. 8.10. ఎనలాప్రిల్ 5 మి.గ్రా. మాత్ర వద్దన్నారు. కారణం: ‘రాత్రంతా పొడి దగ్గు.’ మానేస్తే బీపీ పెరగవచ్చని వివరించాను, అర్థమైందన్నారు. బీపీ 158/94. 8.20కి డ్యూటీ డాక్టర్‌కు తెలిపాను."

వేసుకోని మాత్రను ‘తర్వాత వేసుకుంటారులే’ అని మంచం పక్కన వదిలి రావద్దు. వేసుకున్నది కళ్లారా చూశాకే సంతకం.

అభ్యాసం: పూర్తి స్పృహలో, తెలివిగా మాట్లాడుతున్న తల్లి మాత్ర వద్దంది. కొడుకు మిమ్మల్ని వరండాలోకి పిలిచి, "పాలల్లో కలిపి ఇచ్చేయండి సిస్టర్, అమ్మకు తెలియదు" అన్నాడు. అతను భయంతోనే అలా అడుగుతున్నాడు. అతనికి మీరు చెప్పే జవాబు, తర్వాత కేస్ షీట్‌లో రాసే వాక్యాలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.