పంపు పోలేదు, గాలి పీల్చింది

వేసవిలో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు ఆపేశాక, ముమ్మిడివరం దగ్గర పూడిక తీస్తున్న మా పొక్లెయిన్ నీరసపడింది. ఇంజను బాగానే ఉంది. బూమ్ (పొడవాటి చెయ్యి), బకెట్, ట్రాక్ అన్నీ నెమ్మదే. పైగా ఆయిల్ ఒత్తిడితో వీటన్నిటినీ కదిలించే పంపు దగ్గర ఈల వేసినట్టు ఒకటే గోల. పిలిచిన మెకానిక్ మూత కూడా తీయకుండా "మెయిన్ పంపు పోయిందండి, మార్చెయ్యాలి" అన్నాడు. రేటు మాత్రం తడుముకోకుండా చెప్పాడు!

నాకు నమ్మకం కుదరలేదు. ట్యాంకు లెవెల్ అద్దంలో ఆ ఆయిల్ తెల్లగా నురగ కట్టి ఉంది. నీళ్లు కలిసినా ఇలా పాలలాగే ఉంటుంది కదా అని, కాస్త సీసాలోకి పట్టి గట్టు మీద పెట్టాను. టీ తాగి వచ్చేసరికి అడుగు నుంచి తేటపడింది. నీళ్లయితే అంత తొందరగా తేరదు, ఇది గాలి. ట్యాంకు నుంచి పంపుకి వెళ్లే సక్షన్ గొట్టం పీల్చేది కాబట్టి, అక్కడ లూజైతే పని చేసేటప్పుడు గాలిని లోపలికి లాగుతుందే తప్ప బయటికి చుక్క కారకపోవచ్చు. ఇంజను నడుస్తుండగానే ఆ గొట్టాన్ని బిగించే క్లాంపు చుట్టూ గ్రీజు పూశాను. గ్రీజు సందు మూసేసరికి ఈల తగ్గింది.

ఆపి, ఆయిల్ దింపి విప్పితే గొట్టం మూతి పగిలి ఉంది. కొత్తది వేసి, పంపులో గాలి తీసి స్టార్ట్ చేశాం. పంపు ఇప్పటికీ అదే.

మోసం చేశాడని మా డ్రైవర్ ఇంకా తిడుతూనే ఉన్నాడు. నేనలా అనుకోను. మొన్న ఆ మెకానిక్కే ఫోన్ చేసి, "గ్రీజు ఎక్కడ పూశారండీ?" అని అడిగాడు.