పాత రేంజ్‌ఫైండర్ లెన్సును మిర్రర్‌లెస్ కెమెరాకు ఎక్కించడం: ముందు దూరం లెక్క చూసుకోండి

మీ దగ్గర మిర్రర్‌లెస్ కెమెరా ఉంటే, అరవై డెబ్బై ఏళ్ల నాటి రేంజ్‌ఫైండర్ (లోపల అద్దం లేకుండా, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే ఫిల్ము కెమెరా) లెన్సు దాని మీద చక్కగా పనిచేస్తుంది. డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే మాత్రం ఆ ఆశ వదులుకోండి. ఎందుకంటే లైకా స్క్రూ మౌంట్ లెన్సు, అంటే 39 మిల్లీమీటర్ల మరతో (ఎం39) కెమెరాకు బిగించేది, ఫిల్ముకు 28.8 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి. డీఎస్‌ఎల్‌ఆర్‌లో మధ్యన అద్దం ఉంటుంది కాబట్టి కెనాన్ ఈఎఫ్‌లో 44, నికాన్ ఎఫ్‌లో 46.5 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది, దూరంగా ఉన్నదేదీ ఫోకస్ కాదు. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం లేదు. సోనీ ఈ మౌంట్‌లో దూరం 18, ఫుజీ ఎక్స్‌లో 17.7, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20. తక్కువ పడిన దూరాన్ని నింపేదే అడాప్టర్. సోనీకైతే 28.8లో 18 తీసేస్తే 10.8 మిల్లీమీటర్లు. అంతే, బోలు రింగు, లోపల గాజు ఉండదు, కరెంటు ఉండదు. గాజు ఉన్న అడాప్టర్ ఎవరైనా చూపిస్తే తీసుకోకండి.

ఈ లెక్క ఇంత పట్టి పట్టి ఎందుకు చెప్తున్నానంటే, మొదటి లెన్సు దగ్గరే నేను బోల్తా పడ్డాను. ఆన్‌లైన్‌లో ‘ఎం39 రష్యన్ లెన్స్’ అని కనబడితే ధర తక్కువగా ఉందని వెంటనే తెప్పించుకున్నా. అడాప్టర్‌కు మర బ్రహ్మాండంగా పట్టింది. కడపలో మా మిద్దె ఎక్కి పాలకొండల వైపు తిప్పితే అంతా మసక, పక్కింటి వాటర్ ట్యాంకు చూసినా మసకే, రింగు ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు తిప్పినా ఏదీ తేలదు. లెన్సు పాడైపోయిందనుకుని మా చిన్నాయనకు చూపించా, ఆయన ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపిన మనిషి. ఏం మాట్లాడకుండా లెన్సును అడాప్టర్ నుంచి విప్పి, చేత్తోనే దాని ముందర పట్టుకుని, మెల్లగా బయటికి లాగుతూ పోయినాడు. సరిగ్గా వేలు మందం దూరం పోయేసరికి కొండ మీద చెట్లు విడివిడిగా కనబడ్డాయి. “లెన్సు బాగానే ఉంది రా అబ్బీ, దీనికి దూరం చాలలేదు, అంతే” అన్నాడు.

జరిగిందేమంటే, అది రేంజ్‌ఫైండర్ లెన్సే కాదు. పాత జెనిత్ ఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండే ఫిల్ము) కెమెరాలకూ అదే 39 మిల్లీమీటర్ల మర వాడినారు గానీ వాటి దూరం 45.2. అంటే నా లెన్సు 16 మిల్లీమీటర్లకు పైగా లోపలికి కూర్చుంది. కాబట్టి కొనేటప్పుడు మర సైజు ఒక్కటే చూడకండి, ఏ కెమెరా లెన్సో అడగండి. జోర్కీ, ఫెడ్ అంటే రేంజ్‌ఫైండర్, జెనిత్ అంటే కాదు. లెన్సుల పేర్లలో కూడా తిరకాసు ఉంది: ఇండస్టార్-50 అనే పేరుతోనే రేంజ్‌ఫైండర్‌దీ, ఎస్‌ఎల్‌ఆర్‌దీ రెండూ వచ్చాయి, ఇండస్టార్-50-2 మాత్రం ఎస్‌ఎల్‌ఆర్‌దే. ఇక ‘లైకా ఎల్మార్’ చవగ్గా దొరుకుతోందంటే అనుమానించండి, రష్యన్ ఇండస్టార్‌ల మీద ఆ పేరు చెక్కి అమ్మేవి చాలా ఉన్నాయి.

మొదటి లెన్సుగా జూపిటర్-8 గానీ ఇండస్టార్-61 గానీ చూడండి. జూపిటర్-8 అంటే 50 ఎంఎం, ఎఫ్/2, జర్మన్ కంపెనీ జైస్ వాళ్ల సోనార్ డిజైన్ ఆధారంగా సోవియట్ వాళ్లు చేసినది, ముఖాలు మెత్తగా అందంగా వస్తాయి. 35 ఎంఎం, అంతకన్నా వైడ్ లెన్సులు ఇప్పుడే వద్దు. వాటి వెనక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరగా ఉంటుంది, వెలుతురు మూలల్లో ఏటవాలుగా పడి ఫుల్ ఫ్రేమ్‌లో (ఫిల్మంత పెద్ద సెన్సర్) అంచులు అలుక్కుపోతాయి, ఒక్కోసారి గులాబీ రంగు కూడా తేలుతుంది. సెన్సర్ చిన్నదైన ఏపీఎస్-సీ బాడీలో మూలలు కత్తిరించుకుపోతాయి కాబట్టి అంత తెలీదు గానీ, 50 కాస్తా 75లాగా కనబడుతుంది. లోపలికి ముడుచుకునే లెన్సులు కూడా ఉంటాయి, ఇండస్టార్-22 అట్లాంటిదే. దాన్ని డిజిటల్ బాడీ మీద ఉన్నప్పుడు మాత్రం ముడవకండి, ఆ గొట్టం పోయి లోపల షట్టర్‌కు తగిలిందంటే ఇక మన పని అంతే.

అడాప్టర్ కొనేటప్పుడు నేరుగా స్క్రూ మౌంట్‌ది కాకుండా లైకా ఎం అడాప్టర్ తీసుకుని, దానికి ఎం39 నుంచి ఎంకు మార్చే రింగు జోడించడం మేలు. 1954లో వచ్చిన ఎం మౌంట్ దూరం 27.8, అందుకే ఆ రింగు సరిగ్గా 1 మిల్లీమీటర్ మందం ఉంటుంది. రేపు ఎం లెన్సు చేతికొచ్చినా అదే అడాప్టర్ పనికొస్తుంది.

కెమెరాలో మొదట ‘రిలీజ్ వితౌట్ లెన్స్’ ఆన్ చేయండి, లేకపోతే లెన్సే లేదనుకుని షట్టర్ నొక్కనివ్వదు. మోడ్ డయల్ ‘ఎ’లో పెట్టండి, అపర్చర్ లెన్సు మీదే తిప్పాలి, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకుంటుంది. బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే లెన్సు 50 ఎంఎం అని మనమే చెప్పాలి. ఫోకస్ పీకింగ్ (ఫోకస్ అయిన అంచులకు రంగు వేసి చూపించేది) పెట్టుకోండి గానీ దాన్నే నమ్ముకోవద్దు, ఎఫ్/2లో కళ్లకు ఫోకస్ చేయాలంటే జూమ్ చేసి చూడాల్సిందే. ఇంకొకటి, సోనార్ రకం లెన్సుల్లో అపర్చర్ మారిస్తే ఫోకస్ కూడా కొంచెం జరుగుతుంది, కాబట్టి ముందు అపర్చర్ పెట్టుకుని తర్వాతే ఫోకస్ చేయండి.

తగిలించిన రోజే మిద్దె ఎక్కి, కనబడేంతలో అన్నిటికన్నా దూరంగా ఉన్న కొండను ఇన్ఫినిటీలో పెట్టి చూడండి. రింగు చివరికి రాకముందే షార్ప్ అయి, అక్కడి నుంచి మళ్లీ మసకబారితే అడాప్టర్ కాస్త పలచగా ఉన్నట్టు, టెన్షన్ పడొద్దు, చాలా అడాప్టర్లు అంతే. మరీ ఎక్కువైతే మౌంట్ స్క్రూలు విప్పి మధ్యలో సన్నటి రేకు కత్తిరించి పెట్టొచ్చు. చివరిదాకా తిప్పినా కొండ తేలకపోతే మందం ఎక్కువైనట్టు, అరగదీసే ప్రయోగాలు చేయకుండా వాపసు పంపండి.

ఈ లెన్సులు చాలావరకు 1 మీటర్ కన్నా దగ్గర ఫోకస్ కావు. ముందు పళ్లెంలో ఉన్న కారం దోశ ఫొటో తీయాలంటే కుర్చీ వెనక్కి జరుపుకోవాల్సిందే. అది ఇబ్బందైతే ముందుకు సాగే అడాప్టర్, అంటే హెలికాయిడ్ ఉన్నది, తీసుకోండి. ఎదురెండలో కాంట్రాస్ట్ పడిపోతుంది, 40.5 ఎంఎం హుడ్ ఒకటి వేసుకోండి. మన ఎండల్లో లెన్సును బండి డిక్కీలో మాత్రం వదిలేయొద్దు: లోపలి గ్రీజు కరిగి అపర్చర్ బ్లేడ్ల మీదికి పాకుతుంది, ఆ ఆవిరే గాజు మీద పొరలాగా పడుతుంది. కొనేముందు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి చూస్తే ఆ పొరా, ఫంగస్ దారాలూ రెండూ తెలిసిపోతాయి.

నా జెనిత్ లెన్సు సంగతంటారా, ఎం39 నుంచి ఎం42కు (42 మిల్లీమీటర్ల మర) సన్నటి రింగు వేసి, మామూలు ఎం42 అడాప్టర్ మీద పెట్టుకున్నా. పాలకొండల మీద చెట్లు ఇప్పుడు ఎవరూ చేత్తో పట్టుకోకుండానే కనబడుతున్నాయి.