నాలుగు ట్రాకుల పాత క్యాసెట్‌ను కంప్యూటర్‌లో లయ తప్పకుండా కలపడం ఎలా?

1979లో టాస్కామ్ సంస్థ పోర్టాస్టూడియో 144 అనే రికార్డింగ్ యంత్రాన్ని తెచ్చాక, మామూలు క్యాసెట్ మీదే నాలుగు ట్రాకుల్లో పాటను ఇంట్లో రికార్డు చేసుకోవడం సాధ్యమైంది. అలాంటి క్యాసెట్లను ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు, ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే పరికరానికి) రెండే ఇన్‌పుట్‌లు ఉంటే ట్రాకులను విడతలుగా ఎక్కించక తప్పదు. టేపు ఏ రెండుసార్లూ సరిగ్గా ఒకే వేగంతో నడవదు కనుక, మొదట్లో కలిసిన ట్రాకులు పాట చివరికి విడిపోతాయి. నాలుగు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఎవరి దగ్గరైనా అరువు దొరికితే నాలుగింటినీ ఒకేసారి ఎక్కించడమే ఉత్తమం. దొరకనివారి కోసమే ఈ పద్ధతి.

ముందుగా క్యాసెట్‌ను నడిపే నాలుగు ట్రాకుల యంత్రాన్ని సిద్ధం చేసుకోండి. ఈ క్యాసెట్‌లో నాలుగు ట్రాకులూ ఒకే దిశలో ఉంటాయి కాబట్టి సాధారణ డెక్ పనికిరాదు, అందులో రెండు ట్రాకులు వెనక నుంచి ముందుకు వినిపిస్తాయి. పైగా 144 మామూలు క్యాసెట్‌కు రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు సుమారు 9.5 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. టేపును చదివే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. టేపు వేగాన్ని మార్చే పిచ్ కంట్రోల్‌ను మధ్యలో ఉంచి, చివరి విడత ముగిసేదాకా ముట్టుకోకండి. అప్పట్లో టేపు రొదను తగ్గించే డాల్బీ (144లో ఉండేది ఇదే) లేదా డీబీఎక్స్ వాడి ఉంటే ఇప్పుడూ దాన్నే ఆన్ చేయాలి.

తరువాతిది అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి విడతలోనూ ఒకే ట్రాకును మార్గదర్శిగా, అంటే తరువాత ఫైళ్లను కలపడానికి ఆనవాలుగా ఉంచండి. డ్రమ్స్ ఒకటో ట్రాకులో ఉంటే 1-2, 1-3, 1-4 అని మూడు విడతలుగా, ప్రతి విడతనూ ఒక్కో స్టీరియో ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయండి. ఒకే వాద్యాన్ని రెండు మైకులతో రెండు ట్రాకుల్లో రికార్డు చేసి ఉంటే, ఆ రెండింటిలో ఒకదాన్నే మార్గదర్శిగా ఎంచుకోండి. అలాంటి జంట వేర్వేరు విడతల్లో పడితే, ఎంత సరిచేసినా ధ్వని డొల్లగానే ఉంటుంది.

ఇప్పుడు రీపర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో మూడు ఫైళ్లనూ ఒకదాని కింద ఒకటి పేర్చి, డ్రమ్స్ మొదటి దెబ్బ దగ్గర కలపండి. ఆ తరువాత చివరి దెబ్బను చూడండి. మొదటి ఫైలులో 240 సెకన్లకు వచ్చినది రెండోదానిలో 240.06 సెకన్లకు వస్తే, రెండోదాని ప్లేబ్యాక్ రేటును (ఫైలు నడిచే వేగాన్ని) 1.00025 చేయాలి. ఈ మార్పు చేసేటప్పుడు 'ప్రిజర్వ్ పిచ్' (శ్రుతిని మారకుండా ఉంచే ఎంపిక) గుర్తు తీసేయండి, ఎందుకంటే టేపు నెమ్మదించినప్పుడు శ్రుతి కూడా తగ్గుతుంది కనుక రెండూ కలిసే సరికావాలి.

రెండు చివరలు కలిసినా నడుమ కొంత తేడా మిగులుతుంది. దాన్ని సరిచేయడానికి, ఆ విడతలోని రెండో వాద్యం మౌనంగా ఉన్న చోట ఫైలును కోసి జరపండి. మౌనం దొరకని చోట డ్రమ్ దెబ్బల మీద స్ట్రెచ్ మార్కర్లు (ఫైలును అక్కడక్కడా సాగదీసే, కుదించే గుర్తులు) పెట్టి జరపండి. సరిచేసిన ఫైలులోని మార్గదర్శి ట్రాకు ఫేజ్‌ను (ధ్వని తరంగాన్ని) తలకిందులు చేసి, మొదటి ఫైలులోని మార్గదర్శితో కలిపి వింటే, కుదిరిన చోట మంద్ర ధ్వని దాదాపు మాయమవుతుంది, కుదరని చోట మిగిలిపోతుంది. టేపు ఊగిసలాట వల్ల పూర్తి నిశ్శబ్దం రాదు, దానికోసం పట్టుబట్టకండి. గాత్రానికి కొద్ది మిల్లీసెకన్ల తేడా ఫరవాలేదు గానీ, బేస్ గిటార్ విషయంలో మరింత ఓపిక పట్టాలి.

అన్నీ కుదిరాక మార్గదర్శి ప్రతులలో ఒకటి ఉంచి మిగతా రెండూ మ్యూట్ చేయండి. సరిచేయని అసలు ఫైళ్లను మాత్రం తొలగించకుండా వేరే డిస్కులో భద్రపరచండి.